డిస్కు కొన్నాం కదా, టికెట్టు పెట్టి చూపిస్తే తప్పేంటి?

ప్రశ్న: విశాఖలో చిన్న కెఫే నడుపుతున్నాను. మా అన్నయ్యకు అమెరికన్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ అంటే ప్రాణం. అన్నయ్య పోయిన ఏడాదికి, 1969లో అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో హెండ్రిక్స్ ఇచ్చిన ప్రదర్శన బ్లూ-రే కొని ప్రొజెక్టర్ మీద వేశాం. కాఫీతో కలిపి మనిషికి 150 రూపాయలు, నలభై మంది వచ్చారు. రెండేళ్ల తొమ్మిది నెలల తర్వాత ఇప్పుడు హక్కుదారుల నోటీసు వచ్చింది. హెండ్రిక్స్ 1970లోనే చనిపోయారు, వాయించినది అమెరికా జాతీయగీతం. దానికీ కాపీరైటా? మూడు నెలలు ఊరుకుంటే కాలదోషం పడుతుందనీ, ఈలోగా వచ్చినవాళ్లంతా ఫిల్మ్ క్లబ్ సభ్యులన్నట్టు రిజిస్టరు ఒకటి రాసి పెట్టుకోమనీ మిత్రులు చెబుతున్నారు.

జవాబు: అన్నయ్య సంగతి కేసుకు సంబంధం లేదు. హెండ్రిక్స్ ఎప్పుడు పోయారన్నదీ ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ గీతం బాణీ మీద ఎవరికీ హక్కు లేదు, నిజమే. కానీ మీరు చూపించింది బాణీని కాదు, 1969 ఆగస్టు 18 ఉదయం కెమెరాలు తీసిన చిత్రాన్ని. మన కాపీరైటు చట్టంలో చిత్రం హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1970లో వచ్చిన వుడ్‌స్టాక్ డాక్యుమెంటరీకే 2030 ఆఖరు దాకా ఉంది. మీ డిస్కు తర్వాత విడుదలైన కూర్పు అయితే ఇంకా ఎక్కువ.

కేసు తేలేది ఒక్క చోట: పదిమందిని పిలిచి, డబ్బు తీసుకుని చూపించారు. డిస్కు కొంటే ఇంట్లో చూసే హక్కే వస్తుంది. కాపీరైటు ఉందని తెలియక చేశామంటే ఆ చట్టం సెక్షన్ 55 కింద నష్టపరిహారం తప్పే వీలుంది గానీ, ఇలాంటి డిస్కులు పెట్టగానే 'ఇంటి వాడకానికే' అన్న హెచ్చరిక తెర మీద పడుతుంది. నలభై మంది ముందు అది వచ్చి ఉంటే, తెలియదని ఎలా అంటారు?

దావా వేయడానికి కాలపరిమితి, ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. అంటే ఇంకా మూడు నెలలు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. రేపే దావా వేయొచ్చు. ఆ రోజు తీసిన క్లిప్పు మీ కెఫే ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకా ఉందా? ఉంటే అది కొనసాగుతున్న ఉల్లంఘన అని వాదిస్తారు. అప్పుడు ఆ క్లిప్పు వరకు గడువు ముగిసిందన్న మాట నిలవదు. ఇవాళే ఎవరికీ కనబడకుండా పెట్టండి, కానీ చెరపకండి. తేదీలతో సహా కాపీ దాచండి.

రిజిస్టరు జోలికి అసలు వెళ్లొద్దు. పాత తేదీలతో సంతకాలు పెట్టిస్తే, డబ్బుతో తేలే సివిల్ తగాదా దొంగ సాక్ష్యం కేసు అవుతుంది. వచ్చినవాళ్లు యూపీఐలో కట్టి ఉంటే ఆ చెల్లింపులు బ్యాంకులో భద్రంగా ఉంటాయి. పైగా దానివల్ల లాభమూ లేదు. లాభాపేక్ష లేని క్లబ్బులకు సెక్షన్ 52(1)(కె) ఇచ్చిన మినహాయింపు రికార్డింగు వినిపించడానికే, సినిమా చూపించడానికి కాదు.

నోటీసులో ఇచ్చిన గడువులోపే న్యాయవాది ద్వారా జవాబివ్వండి. తప్పు ఒప్పుకోవద్దు. ఏ చిత్రం, ఏ కూర్పు, హక్కు వాళ్లకు ఏ రాతపూర్వక బదిలీతో వచ్చిందో కాపీలు అడగండి. ఇకపై చూపించబోమని, మీ హక్కులకు భంగం లేకుండా, అంటే ఇది తప్పు ఒప్పుకున్నట్టు కాదన్న షరతుతో, హామీ ఇవ్వండి. మీకొచ్చిన మొత్తం ఆరు వేలు, అందులో కాఫీ ఖర్చు పోతుంది. ఒక్క ప్రదర్శన లైసెన్సు రుసుము దగ్గర రాజీకి ప్రయత్నించండి, ఆ రాజీ పత్రంలో క్రిమినల్ ఫిర్యాదు చేయబోమన్న మాట కూడా రాయించుకోండి.