సెంటర్‌లో చేర్చాలా, ఇంటి దగ్గరే మాన్పించాలా?

ప్రశ్న: మేడమ్, మాది కామారెడ్డి దగ్గర పల్లె. మా ఆయనకి 43 ఏళ్లు, వెల్డింగ్ షాపు ఉంది. పదేళ్ల నుంచి తాగుతున్నాడు, రెండేళ్లుగా పొద్దున లేవగానే కొంచెం పడితే తప్ప చేతులు నిలవవు, టీ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు. రోజుకి మూడు క్వార్టర్లు, ఒక్కోసారి నాలుగు. పోయిన దసరాకి ఇక ముట్టనని పిల్లల మీద ఒట్టు పెట్టి, రెండో రోజే షాపులో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మా మరిది హైదరాబాద్‌లో ఏదో తాగుడు మాన్పించే సెంటర్‌లో మూడు నెలలు పడేద్దాం అంటున్నాడు. ఈయనేమో నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారా, గోలీలు ఇప్పించండి, ఇంట్లోనే ఉండి మానేస్తా అంటున్నాడు. షాపు మూస్తే ఇల్లు గడవదు. ఏం చేయమంటారు? (పేరు వేయవద్దు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఫిట్స్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది వినండి. ఆసుపత్రిలో చేరేదాకా ఆయన్ని ఉన్నపళంగా మాన్పించకండి, సీసాలు దాచకండి, దేవుడి ముందు మళ్లీ ఒట్టు వేయించకండి. నేనే ఇలా చెబుతున్నానేంటి అనుకోవద్దు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మెదడు ఆ మత్తుకు ఎదురు నిలబడటం నేర్చుకుని ఉంటుంది, మత్తు ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఎదురు పట్టు అలాగే మిగిలిపోయి నరాలన్నీ అదుపు తప్పుతాయి. చివరిసారి తాగిన ఆరేడు గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి, ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి, కొందరికి మూడో నాలుగో రోజున మతి చెదిరిపోతుంది. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి తర్వాత మానినప్పుడు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

నేను డీఅడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌గా చేసే రోజుల్లో ఒక తాపీ మేస్త్రీని తెచ్చారు. ఇంట్లోనే మాన్పిద్దామని మూడు రోజులు గదిలో పెట్టి తాళం వేశారట. నాలుగో రాత్రి ఆయన మంచం మీద కూర్చుని, చేతిలో ఏమీ లేకుండానే తాపీ పట్టుకున్నట్టు గోడకు మాలు కొడుతున్నాడు, దుప్పటి దులిపి చీమలంటున్నాడు. భార్య పక్కన నిలబడి "అయిపోయిందయ్యా పని, దిగు, ఇంటికి పోదాం" అని బతిమాలుతోంది. ఆయన బతికాడు. ఆ స్థితిలో వైద్యం అందక ప్రాణం పోయేవాళ్లు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఇంట్లో అందరూ రెండు విషయాల్ని కలిపి ఒకటే ప్రశ్నగా అడుగుతున్నారు. మొదటి వారం పది రోజులు ఒంట్లోంచి మద్యం క్షేమంగా దిగడం ఒకటి, ఆ తర్వాత నెలల తరబడి తాగకుండా నిలబడటం ఇంకొకటి. మొదటిదానికి మీ ఆయన విషయంలో ఇల్లు పనికిరాదు, ఆసుపత్రి మంచమే కావాలి. దానికి మూడు నెలల సెంటర్ అక్కర్లేదు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, మీకు నిజామాబాద్ దగ్గర, లేదంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. వణుకు, ఫిట్స్ రాకుండా క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తూ వస్తారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నీరసానికి గ్లూకోజ్ సీసా ఎక్కించుకునే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది కదా, బాగా తాగే మనిషికి బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ పని మాత్రం చేయించకండి. షాపు పది రోజులు మూతపడుతుంది. ఆయన షాపులో ఇంకోసారి, వెల్డింగ్ మిషన్ ఆన్‌లో ఉండగా పడిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక రెండోది. డిశ్చార్జి అయ్యాక సెంటరా, ఇంటి నుంచి ఓపీకి వెళ్లడమా? ఇక్కడ నేను మీ ఆయన పక్షాన ఉంటాను. గోలీలు ఇప్పించండి అని నోరు తెరిచి అడిగిన మనిషి ఆయన, అది చిన్న విషయం కాదు. చేతిలో పని ఉంది, ఇంట్లో తాగని మనిషి మీరున్నారు, మాత్ర మీ చేత్తో ఇవ్వగలరు. లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, గత్రీ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో వెలువరించిన పరిశీలనలో తాగుడుకు బానిసలైన 40 మంది మగవాళ్లని తీసుకుని సగం మందిని ఆసుపత్రిలో ఉంచి, సగం మందికి ఓపీలోనే వైద్యం చేయించి చూస్తే, ఏడాది తర్వాత రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. చిన్న పరిశీలనే, అయినా ఎక్కువ రోజులు లోపల ఉంచితే ఎక్కువ బాగవుతారన్న మన నమ్మకం తప్పు కావచ్చని అప్పుడే చూపించింది.

ఓపీ అంటే చీటీ రాయించుకుని ఆరు నెలలు కనపడకపోవడం కాదు. మొదట్లో వారం వారం, తర్వాత పదిహేను రోజులకోసారి, కనీసం ఏడాది. మళ్లీ తాగాలన్న యావ తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, లివర్, కిడ్నీ పరీక్షలు చూసి ఏది సరిపోతుందో డాక్టర్ చెబుతారు. దాంతోపాటు కౌన్సెలింగ్. ఆయన ఎవరితో తాగుతారు, షాపు కట్టేసి ఇంటికొచ్చే దారిలో వైన్స్ ఉందా, కస్టమర్లు కూలి డబ్బులకు బదులు సీసా ఇస్తారా అని అక్కడ అడుగుతారు, సిగ్గుపడకుండా చెప్పమనండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య గండం ఉంటే ఆ టైముకి మీ అబ్బాయిని షాపుకి పంపండి, ఇద్దరూ కలిసి ఇంటికొస్తారు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు డబ్బు కట్టక్కర్లేదు, కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది, అది మీకోసం.

ఇదంతా సరిగ్గా చేశాక కూడా రెండు మూడు నెలల్లో మళ్లీ మళ్లీ జారిపోతుంటే, అప్పుడు సెంటర్ గురించి ఆలోచిద్దాం. ఇంట్లో అందరూ తాగేవాళ్లే ఉన్నా, చచ్చిపోవాలన్న మాటలు వస్తున్నా, లివర్ పాడై కామెర్లు, పొట్టలో నీరు ఉన్నా, తాగుడుతో పాటు నిద్రమాత్రలు కూడా నడుస్తున్నా నేను మొదటే చేర్చమనేదాన్ని. మీ వైపు కల్లు కూడా ఉంటుంది కాబట్టి డాక్టర్‌కి అది తప్పకుండా చెప్పండి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం అనే మత్తుమందు కలుపుతారు, మానితే దాని బాధ వేరుగా ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డాక ఎర్రగడ్డకి జనం ఎలా వచ్చారో మనందరం చూశాం.

మీ మరిది అన్న "పడేద్దాం" అనే మాట నాకు నచ్చలేదు. కోపంతో కాదు, మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెబుతున్నా. మా పెద్దమ్మ కొడుకుని చాలా ఏళ్ల కిందట ఒక సెంటర్ వాళ్లు రాత్రి పూట వ్యాన్‌లో బలవంతంగా ఎక్కించుకుపోయారు, మేమే డబ్బు కట్టాం. 90 రోజులు ఫోన్ లేదు, చూడటానికి రానివ్వలేదు, కొట్టారని తర్వాత తెలిసింది. బయటికొచ్చిన రోజు సాయంత్రమే బస్టాండ్ దగ్గర తాగాడు. తర్వాత ఏ మందు వేసుకోవాలో, ఎవరిని కలవాలో ఒక్క చీటీ ముక్క కూడా అతని చేతిలో పెట్టలేదు.

ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది, మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు దాని కిందకే వస్తాయి. తన ఇష్టంతో చేరిన మనిషిని మామూలుగా తను వెళ్తానంటే ఆపకూడదు. తనంతట నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి, ముందుగా 30 రోజుల దాకా మాత్రమే చేర్చుకోవచ్చు, ఆపైన ఉంచాలంటే మళ్లీ వేరే పద్ధతి ఉంది. కాబట్టి ఎప్పుడైనా సెంటర్ దాకా వెళ్లాల్సివస్తే రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి, సైకియాట్రిస్ట్ వారంలో ఎన్నిసార్లు వస్తారో, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారో అడగండి, మీరు వచ్చి కలవచ్చో లేదో అడగండి. కలవకూడదు అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఆయనతో మాట్లాడేది తాగిన రాత్రి కాదు, పొద్దున వణుకు తగ్గాక. "నిన్ను ఎక్కడా వేయట్లేదు, ఫిట్స్ రాకుండా వారం రోజులు చూసుకుని ఇంటికొద్దాం, తర్వాత గోలీలు నేనే ఇస్తా" అనండి. మొదటి రోజు మీరు పక్కన ఉంటారని కూడా చెప్పండి, చాలామంది మగవాళ్లు ఆ ఒక్క మాటకే బయలుదేరడం నేను చూశాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడాది, గుంటూరు. గంజాయి తాగుతున్నాడని తెలిసింది. ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందని భయం. బెంగళూరులో రీహాబ్‌కి పంపమని బంధువులు అంటున్నారు, చదువు పోతుందేమో అని టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి)

జవాబు: సార్, ఉత్త గంజాయే అయితే మానడం వల్ల ప్రాణాపాయం సాధారణంగా ఉండదు. ఒకటి రెండు వారాలు నిద్ర పట్టదు, తిండి సహించదు, ప్రతిదానికీ చిరాకు పడతాడు, మీరు దాన్ని పొగరు అనుకోకండి. కాలేజీకి వెళ్తూనే ఓపీలో కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టొచ్చు. ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని, వెంటపడుతున్నారని అనుమానపడుతున్నా, గొంతులు వినిపిస్తున్నాయంటున్నా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్‌కి చూపించండి, అప్పుడు చేర్చాల్సి రావచ్చు. పోలీసు భయం గురించి: రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టం ఉంది, పైగా వాడకం కేసుల్లో చిక్కుకున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా వైద్యానికి వెళ్తే ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల చట్టం) 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అమ్మకాల్లో ఉంటే ఆ రక్షణ వర్తించదు, అందుకే వాడు కొంటున్నాడా, తోటివాళ్లకి ఇప్పిస్తున్నాడా అన్నది మీరు కూర్చోబెట్టి అడగాలి. మత్తు మానడానికి ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే మీ దగ్గర ఎక్కడ చికిత్స దొరుకుతుందో చెబుతారు, అది ఉచితం. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416.

ప్రశ్న: మా వాడికి తెలియకుండా పప్పులో కలిపే మాత్ర ఉందట, తాగితే వాంతులై తనే మానేస్తాడట. మెడికల్ షాపు అబ్బాయి ఇస్తానంటున్నాడు. కలపమంటారా?

జవాబు: కలపకండమ్మా. ఆ మాత్ర డైసల్ఫిరామ్ అయ్యుండొచ్చు. అది మంచి మందే, తెలిసి, ఒప్పుకుని, చివరి చుక్క తాగి కనీసం 12 గంటలు గడిచాక, గుండె, లివర్ చూసి డాక్టర్ ఇచ్చినప్పుడు. తెలియకుండా పెడితే ఆయన ఎప్పటిలాగే తాగుతారు, మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. ఇప్పటికే ఒకటి రెండు కలిపి ఉంటే ఈ రోజే ఆయనకి చెప్పేయండి, తిట్టినా పర్వాలేదు. తాగి అస్వస్థత చేస్తే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ మాత్రల షీటు కూడా పట్టుకెళ్లండి.