తెల్లకాగితం మీద కొన్న ఆల్టర్నేటర్, స్టార్టర్: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం. కొండవాలులో జీడితోట ఉంది. నాన్నగారు 1996లో కొన్న ఫోర్‌వీల్ డ్రైవ్ డీజిల్ జీపే ఇప్పటికీ మాకు ఆధారం. 2024 నవంబరు 8న విశాఖపట్నంలో ఒక షాపులో దానికి ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జి చేసేది), స్టార్టర్ (ఇంజిన్‌ను స్టార్టు చేసే మోటారు) కలిపి 23,500 రూపాయలకు కొన్నాను. ఏడాది గ్యారంటీ అన్నారు. పాతవి రెండూ ఎక్స్ఛేంజి కింద వాళ్లే ఉంచుకున్నారు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద ఎస్టిమేటు రాసిచ్చారు. డబ్బు ఫోన్‌పేలో కట్టాను. 2025 ఫిబ్రవరిలో రాత్రిపూట కొండ దిగుతుంటే డ్యాష్‌బోర్డు కింద పొగ వచ్చి వైరింగ్ కాలిపోయింది, బ్యాటరీ ఉడికిపోయింది. కాశీబుగ్గ మెకానిక్ ఆల్టర్నేటర్ విప్పి, లోపల పాత సామానేనని, పైన రంగు వేశారని చెప్పాడు. స్టార్టర్ ఫ్లైవీల్ రింగు (ఇంజిన్ చక్రం చుట్టూ ఉండే పళ్ల రింగు) పళ్లు కొరికేసింది. దాన్ని ఊడదీసి, విప్పకుండా షెడ్డులో పెట్టాం. ఆ సీజన్‌లో జీడిపిక్కలు సకాలంలో కిందికి దించలేక నష్టపోయాం. నాన్నగారు ఆ దిగులుతో మంచం పట్టారు. షాపువాళ్లు ‘మీ వైరింగే బాగోలేదు’ అంటున్నారు. డీటీపీ సెంటర్లో ఆ షాపు పేరుతో పాత తేదీ బిల్లు కొట్టిద్దామని ఒక స్నేహితుడు అంటున్నాడు. పోలీసు కేసు పెడితే డబ్బు త్వరగా వస్తుందా? కొనకముందు పాత ఆల్టర్నేటర్ మీది 35 ఆంప్స్ ప్లేటు, పాత స్టార్టర్ ఫొటోలు తీసి షాపుకు వాట్సాప్‌లో పంపాను. ‘రెండూ సేమ్ ఫిట్టింగు, బ్రాండ్ న్యూ, ఆల్టర్నేటర్ 90 ఆంప్స్, రండి’ అని జవాబు వచ్చింది. మాకు న్యాయం జరిగే దారి చెప్పండి.

జవాబు: మీ కేసును నిలబెట్టేవి ఫొటోల గురించి, షాపు వాట్సాప్ జవాబు గురించి చివర్లో రాసిన ఆ రెండు వాక్యాలే. అన్నీ అయ్యాక గుర్తొచ్చినట్టు రాశారు గానీ, ఫిర్యాదు అక్కణ్నుంచే మొదలుకావాలి.

కారణం చెబుతాను. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, సరుకు ఏ అవసరానికో అమ్మేవాడికి తెలియజేసి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి పనికిరావాలన్న షరతు బిల్లులో రాయకపోయినా ఉన్నట్టే. అదే మీరు ఫలానా కంపెనీ, ఫలానా పీసు అని పేరుపెట్టి అడిగి తెచ్చుకుని ఉంటే, ‘నా బండికి సరిపోలేదు’ అన్న వాదనకు బలం ఉండేది కాదు. మీరు పేరు చెప్పలేదు, ఫొటో పంపి అడిగారు. 35 ఆంప్స్ ప్లేటు కళ్లారా చూసి 90 ఆంప్స్‌ది సేమ్ ఫిట్టింగు అన్నది అతనే. పాత సామాను ఎక్స్ఛేంజిలో పోయింది కాబట్టి, మీ బండికి అసలు ఏముండేదో చూపించడానికి ఆ ఫొటోలు తప్ప ఇప్పుడు మరేమీ లేదు.

రెండో మాట ‘బ్రాండ్ న్యూ’. పాతదాన్ని, రీకండిషన్ చేసినదాన్ని కొత్తదని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కిందికి వస్తుంది. ఇలా నడిపితే వైరింగ్ ఎందుకు కాలిందో సాంకేతికంగా తేల్చే భారం సగం తగ్గుతుంది. కొత్తదని చెప్పాడు, కొత్తది కాదు అని రెండు విషయాలు రుజువైతే ధర వాపసు అడగడానికి చాలు.

ఇక తేదీ. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. 2025 ఫిబ్రవరిలో కాలింది కదా, అక్కణ్నుంచి లెక్క అని ధీమాగా కూర్చోకండి. అమ్మిన రోజే మోసం జరిగింది కాబట్టి లెక్క ఆ రోజు నుంచేనని అవతలి వకీలు వాదిస్తాడు. 2026 నవంబరు 7నే ఆఖరి రోజు అనుకుని, అంతకు చాలా ముందే దాఖలు చేయండి. ‘చూస్తాం, కంపెనీకి పంపిస్తాం’ అంటూ షాపువాళ్లు సాగదీసే ఫోన్లు, మీరిచ్చే నోటీసులు గడువును ఒక్కరోజు కూడా పెంచవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి. చేతిలో వాట్సాప్ సందేశం పెట్టుకుని ఇంతకాలం ఊరుకున్నవారికి ఆ కారణం దొరకడం కష్టం.

సాక్ష్యం దగ్గర మీరు చేసిన పొరపాటు చిన్నది కాదు. షాపువాళ్లకు ఒక్క ముక్క రాయకుండా, విప్పేముందు ఒక్క ఫొటో తీయకుండా ఆల్టర్నేటర్ తెరిపించేశారు. లోపలి పాత సామాను మీ మెకానికే మార్చి పెట్టాడని వాళ్లు అంటే ఏం చెబుతారు? ఆ ముక్కలన్నీ ఒక పెట్టెలో పెట్టించి, విప్పిన మెకానిక్‌తో తాను చూసినదేమిటో అఫిడవిట్ రాయించండి. ‘పాతది’ అని ఒక్క మాటతో సరిపెట్టకూడదు. స్లిప్ రింగులు (బ్రష్‌లు రాసుకునే రింగులు) అరిగి గాడి పడ్డాయా, వాటి మీద కొత్త బ్రష్‌లు పెట్టారా, బోల్టు తలల మీద పాత పానా గీతలు ఉన్నాయా, రంగు కింద నూనె మరక ఉందా, సీరియల్ నంబరు రుద్దేశారా: ఇలా చూసినది చూసినట్టు ఉండాలి.

మీ అదృష్టం కొద్దీ స్టార్టర్ విప్పలేదు. ఈ కేసులో మీ బలమైన సాక్షి అదే. ‘పంపండి, చూసి మారుస్తాం’ అన్నా షాపుకు పంపొద్దు. దాన్ని గుడ్డలో చుట్టి కట్టి, ఇద్దరు సాక్షుల సంతకాలతో సీలు వేసి ఉంచండి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషనే సరుకును సీలు చేసి ప్రయోగశాలకు పంపగలదు. నివేదికకు 45 రోజుల గడువు, ఫీజు ముందుగా మీరు కట్టాలి. ఫిర్యాదుతో పాటే ఆ దరఖాస్తు వేయండి. ఏమేం పరీక్షించాలో అందులో మీరే అడగండి: పినియన్ (స్టార్టర్ ముందుండే చిన్న పళ్లచక్రం) పళ్ల సంఖ్య, పంటి కొలత మీ ఫ్లైవీల్ రింగుకు సరిపోతాయా, ముందు అంచున పాత అరుగుదల ఉందా, బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్‌ను లేత్ మీద తోమారా, స్టార్టర్‌కు కరెంటు కలిపే సోలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలి ఉన్నాయా. పాడైన రింగును కూడా పారేయకండి. పళ్లు ఒకే చోట విరిగాయా, చుట్టూ అంచులు రాలాయా అన్నది సరిపోని పినియన్‌ను పట్టిస్తుంది.

వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి, సందేశాలు తమంతట తామే మాయమయ్యే సెట్టింగు ఉంటే ఇవాళే తీసేయండి. స్క్రీన్‌షాట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మీ భాగం ఒకటి, నిపుణుడి భాగం ఒకటి ఉంటాయి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కూడా రాయాలి. ఫోన్‌పే చెల్లింపు బ్యాంకు స్టేట్‌మెంటులో ఎవరి పేరుకు వెళ్లిందో చూడండి. తెల్లకాగితానికి, షాపు యజమానికి లంకె అక్కడే దొరుకుతుంది.

పీసు మీద ఏ కంపెనీ స్టిక్కరు ఉందో ఆ కంపెనీకి సీరియల్ నంబరు, ఫొటోలు పంపి ‘ఇది మీరు తయారుచేసినదేనా’ అని రాతపూర్వకంగా అడగండి. కాదని ఒక్క లైను జవాబు వస్తే షాపువాడు తలెత్తుకోలేడు.

ఇప్పుడు అవతలివాడి వాదన. ‘మీ వైరింగే బాగోలేదు’ అన్నది పూర్తిగా కొట్టిపారేసేది కాదు. మీ జీపు వయసు బండ్లలో చాలావాటికి ఛార్జింగ్ కరెంటంతా డ్యాష్‌లోని అమ్మీటర్ (కరెంటు కొలిచే మీటరు) గుండా వెళ్లే వైరింగ్ ఉంటుంది. 35 ఆంప్స్‌కు వేసిన ఆ సన్న తీగ మీద 90 ఆంప్స్ ఆల్టర్నేటర్ పెట్టి, దిగిపోయిన బ్యాటరీతో, అదనపు లైట్లతో నడిపితే తీగ వేడెక్కుతుంది. పొగ డ్యాష్ కిందే వచ్చిందని మీరే రాశారు. బ్యాటరీ ఉడకడం మాత్రం వేరే సంగతి. అది వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పనిచేయక వోల్టేజి 15 దాటినప్పటి లక్షణం. మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఈ రెండింటినీ ఫిర్యాదులో కలిపేయకండి. వైరింగ్ నష్టంలో కొంత కోత పడినా, బ్యాటరీ, ఆల్టర్నేటర్ ధర, స్టార్టర్ ధర, రింగు మార్చడానికి గేర్‌బాక్స్ దించిన కూలీ నిలబడతాయి. 90 ఆంప్స్ సూచించింది అతనేనన్న సందేశం వైరింగ్ విషయంలోనూ మీకు అండ.

స్నేహితుడు చెప్పిన బిల్లు సంగతి. ఆ పని చేయకండి. ఆ షాపు జీఎస్టీ రికార్డులో ఆ నంబరు బిల్లు ఉండదు. మొదటి వాయిదాలోనే అది బయటపడుతుంది. కమిషన్ ముందు విచారణ న్యాయ విచారణతో సమానం. దొంగ పత్రం దాఖలు చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు, దానికి తోడు ఫోర్జరీ. గెలిచే కేసును చేతులారా తలకిందులు చేసుకుని మీరు ముద్దాయి అవుతారు. బిల్లు లేకపోవడం మీ తప్పు కాదు, వాళ్ల తప్పు. ఎస్టిమేటు కాగితాన్ని ఉన్నది ఉన్నట్టే దాఖలు చేయండి.

పోలీసు కేసు డబ్బు రాబట్టే సాధనం కాదు. మోసపు ఉద్దేశం మొదటి నుంచీ ఉందని చూపాలి, స్టేషన్లో సివిల్ వివాదమనే అంటారు. కంపెనీ నుంచి నకిలీ అని జవాబు వస్తే అప్పుడు ఆలోచించవచ్చు. స్టేషన్లో కూర్చోబెట్టి ఐదో పదో ఇప్పించి రాజీ కాగితం మీద సంతకం పెట్టించుకుంటే మిగతా హక్కు పోతుంది.

ముందు నోటీసు ఇవ్వండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసింది కాబట్టి స్పీడ్ పోస్టులోనే అందినట్టు రుజువు వచ్చేలా పంపి, 15 రోజుల గడువు పెట్టండి. తర్వాత విశాఖ వెళ్లక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. ఏ స్థాయి కమిషన్‌లో వేయాలో తేల్చేది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన ధరను బట్టి. 5 లక్షల వరకు ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. ఉచిత సలహాకు వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 ఉంది.

పంట నష్టం లక్షల్లో రాయకండి. పిక్కలు దించడానికి వేరే బండికి కట్టిన అద్దె రసీదులుంటే అది అడగండి. లేకపోతే మానసిక వేదన కింద సబబైన మొత్తం అడిగి ఊరుకోండి. నాన్నగారి అనారోగ్యం షాపువాడి వల్లేనని వైద్యుడి పత్రం లేకుండా రాస్తే మిగతా ఫిర్యాదు కూడా పలచబడుతుంది.

ఒక విషయం మాత్రం నాతో కాదు, మీ మనసుతో తేల్చుకోండి. మహేంద్రగిరి కొండకు వచ్చేవాళ్లను ఆ జీపులో అద్దెకు ఎక్కించుకుంటున్నారా? సొంత తోట పని, సొంత జీవనోపాధి అయితే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) కింద మీరు వినియోగదారే, ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. అద్దెకు తిప్పుతుంటే ‘వాణిజ్య అవసరం’ అన్న అభ్యంతరం వస్తుంది, ప్రైవేటు రిజిస్ట్రేషన్ బండికి పర్మిట్ గొడవ వేరే. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి రెన్యువల్ చేసిన ఆర్‌సీ కాపీ జతచేయండి.

కేసు తేలేవరకు జీపును షెడ్డులో ఉంచనక్కర్లేదు. కొత్త సామాను కొనండి, ఈసారి షాపుకు వెళ్లేముందు కాగితం మీద ఇవి రాసుకోండి. ఆల్టర్నేటర్‌కు: 12 వోల్టులు, ఆంప్స్, పుల్లీ మీది గాడులు, అడుగు బోల్టుల మధ్య దూరం, రెగ్యులేటర్ లోపలే ఉందా, విడిగా ఉందా. లోపలే ఉన్నది వేస్తే పాత విడి రెగ్యులేటర్‌ను తీసేయాలి, ఛార్జింగ్ లైటు తీగ మాత్రం కలపాలి, లేకపోతే ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు. డీజిల్ జీపుల్లో బ్రేక్ బూస్టర్ వాక్యూమ్ పంపు చాలావరకు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. పంపు లేని పీసు బిగిస్తే కొండ దిగేటప్పుడు బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. స్టార్టర్‌కు: పినియన్ పళ్లు, తిరిగే దిశ, ఫ్లాంజి బోల్టు రంధ్రాలు, కిలోవాట్లు. 35 ఆంప్స్ ఆల్టర్నేటరే మీకు చాలు. 90 కావాలనుకుంటే 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని తీగ నేరుగా బ్యాటరీకి వేయించి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టించి, అమ్మీటర్‌ను పక్కన పెట్టి వోల్ట్‌మీటర్ బిగించండి.

జీఎస్టీ బిల్లు మీద బండి మోడల్, ఇంజిన్ రకం, పీసు సీరియల్ నంబరు, ‘కొత్తది’ అన్న మాట, ఎక్స్ఛేంజిలో ఇచ్చిన పాత సామాను విలువ, గ్యారంటీ గడువు ఉండాలి. అవి రాయని షాపులో కొనకండి. ఆ బిల్లు నకలు కమిషన్ ఫైలులో పెట్టండి. మళ్లీ పెట్టిన ఖర్చుకు అదే లెక్క అవుతుంది.