వరంగల్ ఇంకా బాగుండాలంటే ఏం కావాలి?

ఈ ప్రశ్న ఎవరినడిగినా మామునూరు ఎయిర్‌పోర్టు రావాలి, ఐటీ కంపెనీలు రావాలి అంటారు. రానివ్వండి, వద్దనేవాడెవడు? నేను మాత్రం ఒక్కటే అడుగుతాను: వాన నీళ్లు పోయే దారి వదలండి. మిగతావన్నీ తర్వాత.

2020 ఆగస్టులో మేం నయీంనగర్‌లో, నాలాకు రెండు సందుల అవతల, కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. నాలుగు రోజులుగా ఒకటే ముసురు. ఓ రాత్రి బాత్రూం జాలీలోంచి బుడబుడమని చప్పుడు. ఎలుకేమో అనుకున్నాను. లైటేసి చూస్తే నల్లటి నీళ్లు పైకి తన్నుకొస్తున్నాయి. జాలీ మీద పీట వేసి, దాని మీద బియ్యం డబ్బా పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. కాసేపటికే నీళ్లు నేరుగా తలుపు కిందినుంచే వచ్చాయి.

బీరువా కింది అరలోంచి మా ఆవిడ పట్టుచీరలు తీసింది, నేను నా టెన్త్ మెమో తీశాను. ఆ చీకట్లో మెమో ఎందుకు గుర్తొచ్చిందో నాకే తెలియదు. బాపును రెక్క పట్టుకుని మెట్లెక్కిస్తుంటే వెనక ఫ్రిజ్ ఒరిగి దబ్బున నీళ్లలో పడింది. పైన ఓనర్ సార్ టార్చి పట్టుకుని నిలబడ్డాడు. "ఏం గాదు తమ్మీ, మన ఇంటికి పర్మిషన్ ఉంది" అన్నాడు. ఆ మాట నీళ్లతో చెప్పండి సార్ అనబోయి, అద్దె పెంచుతాడేమోనని ఊరుకున్నాను. తెల్లారేదాకా డాబా మెట్ల మీదే కూర్చున్నాం. నీళ్లు తీశాక ఇంట్లో మిగిలిన బురదను పారలతో ఎత్తిపోశాం. ఆ వాసన దసరా దాకా పోలేదు.

అది ప్రకృతి వైపరీత్యం అంటే నేనొప్పుకోను. మనది చెరువుల ఊరు. కాకతీయుల కాలపు గొలుసుకట్టు అంటే ఏమిటి? పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు పోతుంది, అది నిండితే ఆ కిందిదానికి. మధ్యలో ఉండే వాగునే మనం నాలా అని పిలిచి, అందులో చెత్త పోసి, రెండు పక్కలా పిల్లర్లు లేపాం. శిఖం భూములు, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే భూములు, ప్లాట్లయ్యాయి. 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వస్తే ఊరంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ గుడి దగ్గరే అదే కాలపు చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది, దాని ముందు నిలబడి ఫోటో దిగేవాళ్లు ఎందరు?

2023 జూలైలో మళ్లీ అదే కథ, ఈసారి భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. ఆ తర్వాత నయీంనగర్‌లో పాత వంతెన కూల్చి కొత్తది కట్టారు, నాలా వెడల్పు చేశారు. మంచి పని, కాదనను. మునిగాక చేశారు, అదే నా బాధ.

2016లో మనది స్మార్ట్ సిటీ జాబితాలోకి వచ్చింది. చౌరస్తాల్లో రంగు లైట్లు బాగున్నాయి. ఫుట్‌పాత్ మీద టైల్స్ కూడా వేశారు, వాటి మీద బండ్లు పార్క్ చేసుకుంటున్నాం. అదే ఏడాది మాది వరంగల్ అర్బన్ జిల్లా అయింది, 2021లో హన్మకొండ అయింది. మా బాపు ఆధార్‌లో ఒకటి, పాస్‌బుక్‌లో ఒకటి. ప్రతి ఆఫీసులో "ఇదేంది పెద్దాయనా" అని అడుగుతారు, ఆ పేరేదో ఆయనే మార్చినట్టు.

పోయిన ఎండాకాలం కాజీపేట వైపు ఇల్లు వెతికాను. బ్రోకర్ తలుపు తీస్తూనే "ఈస్ట్ ఫేసింగ్ సార్, వాస్తు పక్కా" అన్నాడు. వాన పడితే ఈ గల్లీ నీళ్లు ఎటు పోతాయి అని అడిగాను. నన్ను కింది నుంచి పైదాకా ఓసారి చూశాడు.

"అవి ఎటు పోతే మనకేంది సార్, నల్లా అయితే రోజూ వస్తది."