మారుతి ఈవీల్లో వెనకబడిందా? గ్రాముల్లో చూస్తే...

"ఈవీ ఇంత ఆలస్యంగా తెచ్చి, ఇంకా సీఎన్‌జీ, హైబ్రిడ్ అంటున్న మారుతి సుజుకీ చెప్పే 'సుస్థిర వృద్ధి'ని నమ్మొచ్చా?" అని అడిగారు.

ఫ్యాక్టరీ కప్పు మీద సోలార్ పలకలు, మానేసర్ ప్లాంటు లోపలికే వేసిన రైలు పట్టాలు మంచివే. కాలుష్యంలో అసలు బరువు మాత్రం అక్కడ లేదు. లీటరు పెట్రోలు కాలితే 2.37 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే కారు లక్షన్నర కిలోమీటర్లు తిరిగేసరికి 7,500 లీటర్లు, అంటే దాదాపు 18 టన్నులు. అదే కారును ప్లాంటులో తయారుచేయడానికి మామూలుగా టన్నులోపే.

అందుకే మైలేజీని కార్బన్ డయాక్సైడ్ గ్రాముల్లోకి మార్చి చూడండి: 2,370ని మైలేజీతో భాగిస్తే చాలు. గ్రాండ్ విటారా మామూలు మాన్యువల్ (21.11) కిలోమీటరుకు 112 గ్రాములు, పెట్రోలు ఇంజిన్‌తోపాటు మోటారుతోనూ నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ (27.97) 85. ఆ హైబ్రిడ్‌లో బ్యాటరీ 0.76 యూనిట్లే (కిలోవాట్ అవర్లు). మారుతి ఈవీ అయిన ఈ-విటారా చిన్న బ్యాటరీ ప్యాక్ 49 యూనిట్లు, అంటే 64 హైబ్రిడ్‌లకు సరిపడే సామర్థ్యం ఒక్క కారులో. బ్యాటరీ సెల్స్ కరువైనప్పుడు ఈ లెక్క చాలా బలమైనది.

ఈవీ పొగ గొట్టం లేనిదే గానీ సున్నా కాదు. మన కరెంటు గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. వంద కిలోమీటర్లకు 15 యూనిట్లు తాగితే కిలోమీటరుకు 105 గ్రాములు. పెట్రోలు తవ్వి, శుద్ధి చేసేది కలిపితే హైబ్రిడ్ కూడా వంద దగ్గరికొస్తుంది. తేడా ఏమిటంటే గ్రిడ్ ఏటేటా శుభ్రపడొచ్చు, అమ్మేసిన పెట్రోలు కారు అలాగే ఉంటుంది. ఇంటి మీద సోలార్ ఉంటే పోటీయే లేదు.

సీఎన్‌జీ దగ్గర నాకు అనుమానమే. వ్యాగన్‌ఆర్ సీఎన్‌జీ కిలోకు 34.05 మైలేజీకి 80 గ్రాముల చుట్టూ, పెట్రోలుది 97. కానీ సీఎన్‌జీ అంటే ప్రధానంగా మీథేన్. భూమిని వేడెక్కించే దాని శక్తి వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు. గొట్టాల్లో, బంకుల్లో రెండు శాతం లీకయితే ఆ ఆదా మొత్తం పోతుంది.

ఇక కెఫే నిబంధనలు, అంటే కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు ఉద్గారాలకు ప్రభుత్వం పెట్టిన పరిమితి. 2022-23 నుంచి సగటు 113 గ్రాములు. కంపెనీ అమ్మే కార్ల సగటు బరువు వంద కిలోలు పెరిగితే పరిమితి దాదాపు 5 గ్రాములు సడలుతుంది. పైగా ఒక్కో ఈవీని మూడు కార్లుగా లెక్కిస్తారు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను రెండుగా. కాబట్టి 'నిబంధన అందుకున్నాం' అన్నంత మాత్రాన రోడ్డు మీద పొగ తగ్గినట్టు కాదు. బరువైన ఎస్‌యూవీలు అమ్మే కంపెనీకి వెసులుబాటు, చిన్న కార్ల కంపెనీకి కష్టం. యూరప్‌లో అయితే 2025-27 సగటు 93.6 గ్రాములు. గుజరాత్‌లోని హన్సల్‌పూర్ ప్లాంటు నుంచి ఈ-విటారా అక్కడికి వెళ్లడానికి ఇదీ ఓ కారణమే, పర్యావరణ ప్రేమ ఒక్కటే కాదు.

మీరే తేల్చుకోవాలంటే కంపెనీ వార్షిక నివేదికలో బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) భాగం తెరవండి. పర్యావరణానికి సంబంధించిన ఆరో సూత్రం కింద స్కోప్-1, 2 (ఫ్యాక్టరీలో కాల్చే ఇంధనం, కొనే కరెంటు) దగ్గర ఆగకుండా, అమ్మిన కార్ల పొగ కూడా కలిసే స్కోప్-3కి వెళ్లండి. దాన్ని ఆ ఏడాది అమ్మిన కార్ల సంఖ్యతో భాగించి మూడేళ్లు పక్కపక్కన పెట్టండి. మొత్తం పెరిగినా కారుకు తగ్గుతుంటే పని జరుగుతున్నట్టే. లెక్క కట్టే పద్ధతి మధ్యలో మారిందేమో ఫుట్‌నోట్ చూడటం మరవొద్దు, తగ్గుదల చాలాసార్లు అక్కడే పుడుతుంది.