పెరట్లో పెట్టిన మంట పక్కింటి కారును కాల్చేసింది: జైలు తప్పదా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఇల్లు కట్టుకున్నాం. మార్చిలో పెరట్లో కొట్టించిన పొదలు, ఎండుటాకులు కుప్పపోసి పనివాడితో నిప్పు పెట్టించాను. ఉన్నట్టుండి గాలి లేచి, వెనుక ఖాళీ సైటులోని ఎండుగడ్డి అంటుకుంది. దాని అవతల ఇంటివారి పాత కారు, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు కాలిపోయాయి. ఎవరికీ గాయాలు కాలేదు. ఆయన పోలీసు కేసు పెట్టారు. కొత్త కారు ధర ఇస్తే కేసు వెనక్కు తీసుకుంటారట, లేదంటే జైలుకు పంపిస్తారట. నిప్పు పెట్టింది పనివాడే కాబట్టి కేసు అతని మీదకు పోయేలా చూడమని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ముందు మీ బావమరిది సలహా పక్కన పెట్టండి. మీరు చెబితే, మీ పెరట్లో, మీ కూలి తీసుకుని చేసిన పని అది. నష్టపరిహారం విషయంలో యజమానిగా మీరే జవాబుదారీ. క్రిమినల్ కేసులోనూ చెప్పి చేయించినవారు తప్పించుకోలేరు. పైగా పక్కన నీళ్ల పైపు సిద్ధంగా పెట్టుకున్నారా లేదా అన్నదానికి మీకున్న సాక్షి బహుశా ఆ పనివాడొక్కడే. అతన్ని శత్రువును చేసుకోకండి.

ఇక జైలు మాట. ఎఫ్ఐఆర్ నకలు తెప్పించుకుని ఏ సెక్షన్ రాశారో చూడండి. నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో (నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) సెక్షన్ 287 ఉంది. గరిష్ఠంగా ఆరు నెలల జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలు మీ హక్కు. కానీ సెక్షన్ 326 కనిపిస్తే వెంటనే న్యాయవాదిని పెట్టుకోండి. నిప్పుతో ఆస్తికి నష్టం చేయాలనే ఉద్దేశంతో, లేదా నష్టం జరగవచ్చని తెలిసీ చేసినవారికి అందులో ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మీకు ఉద్దేశం లేదు, నిజమే. చిక్కంతా ఆ ‘తెలిసీ’ దగ్గరే. ఎండాకాలం, పక్కనే ఎండుగడ్డి, కుప్పకూ ప్రహరీకీ మధ్య ఎంత దూరం? ఫైరింజన్‌ను ఎవరు, ఎన్ని గంటలకు పిలిచారు? 101కో 112కో మీరే ఫోను చేసి ఉంటే, ఆ కాల్ వివరాలు ఫోనులోంచి చెరిగిపోకముందే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

‘జాగ్రత్తగానే కాల్చాను’ అనే వాదనకు మాత్రం పెద్ద బలం ఉండదు. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు కట్టాలంది. నగర పాలక సంస్థ నుంచి ఆ నోటీసు వస్తే దానిపై పోరాటానికి దిగకండి.

‘కేసు వెనక్కు తీసుకుంటాను’ అంటున్నారే, అది ఆయన చేతిలో లేని పని. సెక్షన్ 287 ఇరుపక్షాలు తమలో తాము రాజీ చేసుకోగల నేరం కాదు. రాజీ కుదిరాక హైకోర్టుకు వెళ్లి, నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 528 కింద కేసు కొట్టేయమని అడగాలి. కాబట్టి అక్కడ అభ్యంతరం లేదని ఆయన అఫిడవిట్ ఇవ్వాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. డబ్బులో కొంత భాగం ఆ అఫిడవిట్ ఇచ్చిన రోజే చేతికివ్వండి.

అసలు బరువు డబ్బు దగ్గరే ఉంది. పాత కారు కాలితే కొత్త కారు ధర రాదు. కాలకముందు దానికి మార్కెట్లో ఉన్న విలువలోంచి తుక్కు ధర తీసేయగా మిగిలిందే అసలు నష్టం. ఆయనకు సమగ్ర బీమా ఉంటే కంపెనీ చెల్లిస్తుంది, ఆ తర్వాత అదే సొమ్ము కోసం కంపెనీ మీ మీదకు రావచ్చు. ఇప్పుడు మీరు చెల్లించి, ఆయన అక్కడా తీసుకుంటే, ఒకే కారుకు రెండుసార్లు కట్టినట్టవుతుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే ఆయనకు బీమా నుంచి కారు డబ్బు రాదు. అందుకే రూపాయి ఇచ్చేముందు పాలసీ నకలు, క్లెయిము చేశారో లేదో రాతపూర్వకంగా అడగండి. మీ ఇంటి బీమా పత్రం కూడా తీయండి. కొన్ని పాలసీల్లో ఇతరులకు జరిగిన నష్టానికీ రక్షణ ఉంటుంది.

గడ్డి పెంచుకుంటూ సైటును గాలికొదిలేసిన యజమానికీ ఇందులో వాటా ఉందని వాదించవచ్చు. అయితే బాధితుడు మొత్తం మీ దగ్గరే రాబట్టుకోగలడు, ఆ వాటా కోసం మీరు తిరగాలి. బెంగళూరులో ఖాళీ సైటు యజమానిని పట్టుకోవడం ఎంత సులువో మీకు తెలియనిది కాదు. దాన్ని బేరంలో వాడుకోండి, దానిమీదే ఆశ పెట్టుకోవద్దు.

ఎదురుపడినప్పుడు బాధపడుతున్నానని చెప్పండి, అది మర్యాద. వాట్సాప్‌లో మాత్రం ‘తప్పంతా నాదే, అడిగినంత ఇస్తాను’ అని రాయకండి. రాజీ ప్రతిపాదన పంపేటప్పుడు ‘దీన్ని సాక్ష్యంగా వాడకూడదన్న షరతుపై’ అని స్పష్టంగా రాయండి. సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 21 ప్రకారం సివిల్ దావాలో అది మీకు రక్ష, క్రిమినల్ కేసులో కాదు. విచారణలో పోలీసులు నమోదు చేసే వాంగ్మూలంపై సంతకం అక్కర్లేదు, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 181 అదే చెబుతోంది. కన్నడం చదవడం రాకపోతే ఏ కాగితమైనా చదివించుకోండి.

ఆయనకు దావా వేయడానికి మూడేళ్ల గడువుంది, కాబట్టి నాన్చవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయిస్తే దావా పడకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు ఉండదు. రాజీ పత్రంలో కారుతో పాటు ట్యాంకు, పైపులు, గోడకు పట్టిన మసితో సహా అన్నీ పేరుపేరునా రాయించండి. కారు గొడవలో ట్యాంకు మరిచిపోయి, ఆరు నెలలు గడిచాక మళ్లీ లాయరు నోటీసు పంపేవారూ ఉంటారు.