102 పాయింట్లు చేసిన మార్నర్‌కి బదులు ఒక్క ఆటగాడేనా? ఎన్‌హెచ్‌ఎల్‌లో ట్రేడ్ విలువ ఎలా కడతారు?

మీరు అడిగిందే ఆ రోజు మా ఆఫీసులో సగం మంది అడిగారు. ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్. అందులో 2024–25లో మిచ్ మార్నర్ టొరంటో జట్టు తరఫున 102 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) చేశాడు. 2025 జూన్ 30న అతన్ని వెగాస్ జట్టుకి పంపి టొరంటో తెచ్చుకున్నది నికొలా రువా అనే ఆటగాడిని, అంతే. నాకు మాత్రం పెద్దగా ఆశ్చర్యం వేయలేదు. పాయింట్లు చూసి బేరమాడితే ఏమవుతుందో నాకు అంతకుముందే తెలిసొచ్చింది.

నేను టొరంటో పక్కనే మిసిసాగాలో ఉంటాను. ఆఫీసులో పన్నెండు మందిమి తలా ఇరవై డాలర్లు వేసుకుని హాకీ పూల్ ఆడతాం, అంటే ఫాంటసీ క్రికెట్ లాంటిది: మనం ఎంచుకున్న అసలు ఆటగాళ్లు చేసే పాయింట్లే మన పాయింట్లు. ఎంచుకున్న ఆటగాళ్లని ఏటేటా అట్టే పెట్టుకోవచ్చు, మాలో మేమే మార్చుకోవచ్చు. 2022 వేసవిలో నా దగ్గర మాథ్యూ కచక్ ఉన్నాడు, 104 పాయింట్లు. పక్క సీటాయన దగ్గర జొనాథన్ హ్యూబర్డో, 115. "మార్చుకుందామా?" అన్నాడు లంచ్‌లో. ఫోన్‌లో రెండంకెలూ చూశాను, టిఫిన్ బాక్సు మూత పెట్టేలోపే సరే అనేశాను. తర్వాతి సీజన్‌లో కచక్ 109 చేశాడు. హ్యూబర్డో 55.

తమాషా ఏమిటంటే ఆ వేసవిలోనే అసలు క్లబ్బులు కాల్గరీ, ఫ్లోరిడా కూడా ఆ ఇద్దరినీ మార్చుకున్నాయి. అయితే పాయింట్లు ఎక్కువున్న హ్యూబర్డోని ఇచ్చిన ఫ్లోరిడానే పైన ఇంకా వేసింది: మెకెంజీ వీగర్ అనే ఆటగాడు, ఒక కుర్రాడు, ఒక మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునేటప్పుడు దక్కే ఒక వంతు). ఎందుకు? కచక్‌కి 24, హ్యూబర్డోకి 29. పైగా కచక్ ఎనిమిదేళ్ల కాంట్రాక్టుతో వచ్చాడు, హ్యూబర్డోకి మిగిలింది ఒక్క ఏడాదే. వాళ్లు కొన్నది రాబోయే ఏళ్లని, నేను కొన్నది అయిపోయిన సీజన్‌ని.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డ మనకి ఇది కొంచెం తికమకగా ఉంటుంది. 1988లో హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీని అమ్మినప్పుడు ఎడ్మంటన్‌కి 1.5 కోట్ల డాలర్ల నగదు కూడా ముట్టింది. ఇప్పుడు ట్రేడ్‌లో నగదు కుదరదు. జట్టు మొత్తం జీతాలకి ఒక పరిమితి ఉంది, 2025–26కి అది 9.55 కోట్ల డాలర్లు. కాబట్టి ఎంత బాగా ఆడతాడన్నది ఒక్కటే చూడరు. ఆ జీతానికి అంత ఆట దొరుకుతుందా, ఇంకెన్నేళ్లు దొరుకుతుంది అన్నది చూస్తారు. జీతంలో సగం దాకా పాత జట్టే భరిస్తానంటే అదే ఆటగాడి రేటు పెరుగుతుంది.

విలువ సున్నా కంటే కిందికీ పోవచ్చు. 2019లో 39 ఏళ్ల పాట్రిక్ మార్లో జీతం, 62.5 లక్షల డాలర్లు, టొరంటోకి గుదిబండ అయింది. అతన్ని వదిలించుకోవడానికి కరోలైనాకి మొదటి రౌండ్ పిక్ ఎదురిచ్చి, ఆరో రౌండ్ పిక్ తెచ్చుకుంది. కరోలైనా మార్లోని ఆడించనే లేదు, కాంట్రాక్టు రద్దు చేసి డబ్బిచ్చి పంపేసింది. ఆ పిక్‌తో, తర్వాత వాళ్లకి కీలక ఆటగాడైన సెత్ జార్విస్‌ని తీసుకుంది. టొరంటో అభిమానిగా ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక మార్నర్ సంగతి. ఆ జూన్ 30 మర్నాటికి అతని కాంట్రాక్టు అయిపోతుంది, టొరంటోకి ఏమీ దక్కకుండా ఊరికే వెళ్లిపోతాడు. అమ్మబోతే అడవి అంటారే, అదీ టొరంటో పరిస్థితి. దాని చేతిలో మిగిలింది ఒక్కటే: అప్పటి నిబంధన ప్రకారం సొంత జట్టు ఎనిమిదేళ్ల కాంట్రాక్టు ఇవ్వగలిగేది, బయటి జట్టయితే ఏడేళ్లే. ఎనిమిదేళ్లకి సంతకం చేయించి పంపింది. రువా వచ్చింది ఆ ఎనిమిదో ఏడాదికి, 102 పాయింట్లకి కాదు.

మా పూల్‌లోనూ తర్వాత జీతాల పరిమితి పెట్టుకున్నాం. హ్యూబర్డో కాంట్రాక్టు ఏడాదికి 1.05 కోట్ల డాలర్ల చొప్పున 2031 దాకా ఉంది. ఇంకా నా దగ్గరే ఉన్నాడు. ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోవడం లేదు.