ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్లు నలభై ఏళ్లు దాటినా ఎలా ఆడగలుగుతున్నారు?

ప్రధాన కారణం పరుగు తక్కువ కావడమే. మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ ఒక్కో మ్యాచ్‌లో 10 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాల్సి వస్తే, గోల్‌కీపర్‌కు అందులో దాదాపు సగం చాలు. కనుక వయసుతో వేగం తగ్గినా అతని ఆట అంతగా దెబ్బతినదు.

పైగా ఈ స్థానంలో అనుభవం విలువ చాలా ఎక్కువ. 7.32 మీటర్ల వెడల్పున్న గోల్‌ను కేవలం చురుకుదనంతో కాపాడలేరు. బంతిని తన్నే ముందు ప్రత్యర్థి నేలకు ఆనించిన పాదం ఎటు తిరిగి ఉందో, నడుము ఎటు మళ్లుతోందో గమనించి, రెండడుగులు ముందుకొచ్చి అతనికి కనిపించే ఖాళీని కుదించడం ఏళ్ల తరబడి ఆడితేనే అబ్బుతుంది. ఇటలీ కెప్టెన్ డీనో జోఫ్ 40 ఏళ్ల వయసులో 1982 ప్రపంచకప్ గెలిచాడు. ఈజిప్టుకు చెందిన ఎస్సామ్ ఎల్ హదరీ 45 ఏళ్ల వయసులో, 2018 ప్రపంచకప్‌లో సౌదీ అరేబియాపై పెనాల్టీని ఆపాడు. నా దృష్టిలో ఇంతకంటే గొప్ప ఉదాహరణ లేదు.

అయితే ఈ దీర్ఘాయువుకు మరో పార్శ్వం ఉంది. జట్టులో గోల్‌కీపర్ స్థానం ఒక్కటే కావడంతో, సీనియర్ నిలకడగా ఆడినంత కాలం ప్రతిభావంతులైన యువకులు ఏళ్ల తరబడి బెంచీకే పరిమితమవుతారు. వేళ్లకు, భుజాలకు తగిలే గాయాలు కూడా ఈ వృత్తిలో మామూలే. సహచరుడు ఉద్దేశపూర్వకంగా కాలితో అందించిన బంతిని గోల్‌కీపర్ చేతులతో పట్టుకోరాదన్న నిబంధన 1992లో వచ్చాక, కాలితో పాస్ ఇవ్వడంలో నేర్పు లేనివారికి పెద్ద క్లబ్బుల్లో చోటు దొరకడం క్రమంగా కష్టమైంది.